డ్రోన్ దొరికిందా?

బావా,

వంకర అక్షరాలకు ఏమనుకోకు, ఎడమచేత్తో రాస్తున్నాను.

డ్రోన్‌ని నా చేతిమీంచి ఎగరేసేటప్పుడు, నేను చెయ్యి తలపైకి చాచి "ఊఁ" అన్నాకే రెక్కలు తిప్పమని ఎంత మొత్తుకున్నాను? అదింకా నా ఛాతీ దగ్గరుండగానే మీట నొక్కేశావు. పైగా "ఫొటోలో బాగుంటాయి" అని లైట్లన్నీ దాని నెత్తిన అంటించావు. కింద నిలబడ్డ మనకు కనబడాల్సినవి కాకులకు కనబడ్డాయి! మసక చీకట్లో అదెటు పోయిందో ఎవడికి తెలుసు?

నా వేలికి కుట్లు పడ్డాయి. అక్క నిన్ను తిడుతుందని, కూరగాయలు తరుగుతుంటే తెగిందని చెప్పాను. "నువ్వు కత్తి పట్టిందెప్పుడురా?" అని నిలదీసింది. అయినా నోరు విప్పలేదు.

నిన్న ఫోన్ చేసి నువ్వు అడిగిందేమిటి? "డ్రోన్ దొరికిందా?" వేలి ఊసే లేదు.

అందుకే ఈ కవరు మీద అక్క పేరు రాస్తున్నాను.

నీ బావమరిది