నిండు గ్లాసు

మెక్స్, అలెగ్జాండ్రియా
1987 మార్చి 10, మంగళవారం

సిద్రాక్ బావా, నీ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉందా?

జవాబు నాకు రాయనక్కర్లేదు. నిన్ను మట్టితో చేసినవాడికి చెప్పుకో. మూడేళ్లుగా మల్లవిలో మీ అమ్మ కొంగుచాటున కూర్చున్నావు కదా, ఆ చేత్తో నీ రొట్టె నువ్వు తుంచుకోగలుగుతున్నావా, లేక ఆ ముసలావిడే తుంచి నోట్లో పెడుతోందా?

మొదటి మాటతోనే పొడిచాను. మర్యాద ఇప్పుడు కానిస్తాను. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మగారి మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. ఈ చేతిరాత నాది కాదని గమనించే ఉంటావు. కంపెనీ ఆఫీసులో కూర్చుని గుమాస్తా హబీబ్ చేత రాయిస్తున్నాను. నేను చెప్పడం, అతను రాయడం. కంపెనీ వకీలుగారు ఎదురుగా కాఫీ తాగుతూ వింటున్నారు.

ఇక్కడి వార్తలు. ఉప్పుమళ్ల మీద ఈ ఏడు గులాబి కొంగలు తొందరగా దిగాయి. ఫ్యాక్టరీలో మన హాల్లో పాత పాదరసపు తొట్లు పన్నెండు మార్చారు. ఫానూస్ తాతకి చూపు పూర్తిగా పోయింది. అయినా శుక్రవారం ప్రార్థన కూటానికి అందరికంటే ముందొచ్చి, బేకరీ మీది మన గదిలో తడుముకుంటూ బెంచీలు తుడుస్తాడు. నా చెల్లెలు ఇస్తీర్ మా ఇంట్లోనే ఉంది. నీ పేరెత్తదు.

ఇక అసలు సంగతి. నువ్వు కార్మిక వైద్య మండలికి అర్జీ పెట్టుకున్నావట. తొట్ల హాల్లో పాదరసం పీల్చీ పీల్చీ నా ఒళ్లు ఇలా అయింది, పెన్షన్ ఇప్పించండి అని. వచ్చే గురువారం, పంతొమ్మిదో తారీకు పొద్దున పదింటికి విచారణట. ఎవరు నేర్పారు నీకీ మాట? ఏదెను తోటలో ఆదాము ఆడదాని మీదికి తోశాడు, ఆడది పాము మీదికి తోసింది. నువ్వు నోరులేని పాదరసం మీదికి తోస్తున్నావు.

ఆ తొట్లను ఒక్కసారి తలుచుకో. ముప్పై అడుగుల పొడుగు, అడుగున అద్దంలా పారే పాదరసం, దాని మీద మన మరియూత్ సరస్సు ఉప్పు కరిగిన నీళ్లు. కరెంటు పంపగానే ఉప్పు రెండుగా చీలుతుంది. సగం పచ్చటి క్లోరిన్ వాయువై పైకి లేస్తుంది. ఊళ్లకి తాగే నీళ్లు శుభ్రం చేసేది అదే. మిగతా సగాన్ని పాదరసం ఒళ్లో పెట్టుకుని అవతలి గదిలోకి మోసుకుపోతుంది. అక్కడ నీళ్లు తగలగానే అది కాస్టిక్ సోడా. ఊళ్లోవాళ్లు ఒళ్లు రుద్దుకునే సబ్బుకి అదే ఆధారం. పాదరసం మాత్రం దేన్నీ అంటించుకోకుండా, కడిగిన ముఖంతో తన చోటికి తిరిగొస్తుంది. నేను బడిమెట్లు ఎక్కినవాణ్ణి కాను, తొట్టి ముందు నిలబడి నేర్చుకున్నాను. వెండిని మూసలో పుటం పెట్టే కంసాలి అని ప్రవక్త దేవుణ్ణి అన్నాడు. ఆయన ఈ కాలంలో పుడితే మన హాలు చూసి ఇంకో మాట అనేవాడు. అంత పరిశుద్ధమైన పనికి నీ పాపం అంటగడతావా?

నీ పాపం ఊరందరి ఎదుటా బయటపడింది. మర్చిపోయావేమో, గుర్తుచేస్తాను. ఆ శుక్రవారం సంస్కారపు పాత్ర నీ చేతికి రాగానే గజగజలాడింది, బల్ల మీద తెల్లగుడ్డ ఎర్రగా తడిసింది. ఆడవాళ్లలోంచి ఎవరో, అయ్యో నాయనా, ప్రభువు రక్తాన్నే ఒలకబోశావే అని మొత్తుకుంది. ఆ నెలంతా నీ వాలకం చూస్తూనే ఉన్నాను. చిన్నమాటకే కస్సుమనడం, అంతలోనే నలుగురిలోకి రావడానికి సిగ్గుపడి మూల నక్కడం, చిగుళ్లు కారడం, చలికాలంలో చెమటలు. అందుకే పై శుక్రవారం పరీక్ష పెట్టాను. అంచుదాకా నింపిన టీ గ్లాసు, పొగలు కక్కుతున్నది, ఫానూస్ తాతచేత నీకిప్పించాను. తాగనివాడైతే కీర్తన అయ్యేదాకా చుక్క ఒలక్కుండా పట్టుకుంటాడు అన్నాను. రెండో చరణం అందుకోకముందే నీ మోచేతి దాకా టీ కారింది. మణికట్టు మీద పచ్చబొట్టు శిలువ చుట్టూ చర్మం కమిలి ఎర్రబడింది. అయినా గ్లాసు వదల్లేదు, మొండిఘటానివి. వెనక బెంచీలవాళ్లు, కానా పెళ్లిలో నీళ్లు ద్రాక్షారసమయ్యాయి, మన సిద్రాక్ ఒంట్లో సారా చెమటవుతోంది, ఏ అద్భుతం గొప్పదంటారు అని పగలబడి నవ్వారు. నేను వారించలేదు. నవ్వనీ అనుకున్నాను.

అప్పుడు నువ్వేమన్నావు? తాద్రుస్ బావా, నేను జన్మలో చుక్క ముట్టలేదు, నీకు తెలుసు, నీకు తెలుసు అన్నావు. నాకు తెలిసింది వీళ్లకీ తెలియాలి, ఎడమ చెయ్యి ఎత్తు అన్నాను. ఎత్తావు. పెళ్లినాటి బంగారపుటుంగరం ఉండాల్సిన వేలికి తెల్లటి ఉంగరం. చూడండి సహోదరులారా, బంగారం అమ్మి తాగాడు, రేకుముక్క తొడుక్కున్నాడు అన్నాను. ఇస్తీర్ ఆ ఉంగరం చూసి మొహం కప్పేసుకుంది. కట్టుకున్నవాణ్ణి నమ్ముకున్నందుకు బాగా పెట్టాడమ్మా పెళ్లికానుక అని ఒకావిడ దాని చెవిలో అనడం నాకూ వినబడింది.

పది రోజులకి మీ బిడ్డ పురిట్లోనే పోయింది. సమాధి దగ్గర నేను దావీదు కథ ఎత్తాను. తండ్రి చేసిన పనికి పసికందు పోయాడు, ఇక్కడా అంతే అన్నాను. నువ్వు గుంటకి అవతల నిలబడి, ఒక్క గుప్పెడు మట్టి కూడా పట్టుకోలేకపోయావు. వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. ఆ రోజే నా చెల్లెల్ని మా ఇంటికి తెచ్చుకున్నాను. తాగి పనిలోకొస్తున్నాడని కంపెనీకి రాసిచ్చిందీ నేనే. దాచుకోను.

ఇంత జరిగాక ఇప్పుడు నీకో ద్వారం తెరుచుకుంది. కవర్లో ఒక కాగితం పెట్టాము. నా వణుకు తాగుడు వల్ల వచ్చింది, అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను అని దాన్లో ఉంది. సంతకం పెట్టు. చెయ్యి నిలవకపోతే వేలిముద్ర వెయ్యి. గేటు దగ్గర కాపలా కుర్చీ నీకిస్తామని వకీలుగారు మాటిచ్చారు. కూటంలో నీ పాపం ఒప్పుకుంటే మళ్లీ బల్ల దగ్గరికి రానిస్తాను, నీ భార్యని నీ వెంట పంపిస్తాను. తప్పిపోయిన కుమారుడు ఇంటికొచ్చి, నేను పాపిని అన్నాకనే కదా దూడని కోశారు. అనకుండా కూర్చుంటే పందుల పొట్టే గతి.

ఇట్లు,
నీ మేలు కోరే బావ,
తాద్రుస్,
తొట్ల హాలు మేస్త్రీ, శుక్రవారపు కూటం సేవకుడు

తా.క. బావా, పైదంతా వకీలుగారు చదివించుకుని, బాగుంది మేస్త్రీ, రాయినైనా ఏడిపిస్తావు అని మెచ్చుకున్నారు. కవరు అంటించి పోస్టులో వేసే పని నేను చూసుకుంటానన్నాను. ఇది పోస్టాఫీసు బల్ల దగ్గర, నా చేత్తో నేను రాస్తున్నాను. అక్షరాలు ఇలా వంకరపోయాయని తాగి రాశాననుకోకు. నేనూ జన్మలో ముట్టలేదు. నీకు తెలుసు.

నాకూ తెలుసు. ఆ శుక్రవారమే తెలుసు.

హాల్లోకి కొత్తవాడు రాగానే మేస్త్రీగా నేను చెప్పే మొదటి మాట ఏమిటి? ఉంగరం తీసి బీరువాలో పెట్టరా, పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుంది అని. నీకూ నేనే చెప్పాను. పెళ్లిలో ఇస్తీర్ తొడిగింది, తియ్యను అన్నావు. తొట్టి మూలల్లో చిక్కగా పేరుకునే పాదరసపు తెట్టు, మనం వెన్న అనుకునేది, వట్టి చేతుల్తో తోడేవాడివి. నీ వేలి మీదున్నది పెళ్లినాటి ఉంగరమే. అది రేకు కాదని ఆ గదిలో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అందుకే దాన్ని ఎత్తి చూపించమన్నాను. నువ్వు నిజం చెప్పినా తాగుబోతు మాటని ఎవరూ నమ్మరని తెలుసు.

ఆ పరీక్షకి వారం ముందు కంపెనీ డాక్టరు మూత్రం పరీక్షల చీటీ నా చేతికిచ్చి పై ఆఫీసులో ఇమ్మన్నాడు. దాన్లో, ఒంట్లో పాదరసం హద్దు మీరినవాళ్లకని గీసిన ఎర్ర గీత కింద, రెండు పేర్లున్నాయి. మొదటిది నీది. రెండోది నాది. పై ఆఫీసులో ఇంజనీరు దగ్గరికి పట్టుకెళ్తే ఆయన పేర్లు చదివి, చీటీ నాకే తిరిగిచ్చి, దీన్ని నువ్వే ఎక్కడైనా పారెయ్ మేస్త్రీ, ఒకడు తాగుబోతని తేలితే రెండోవాడి గురించి ఎవడూ అడగడు అన్నాడు. అంతే. అంతకంటే ఎక్కువ ఒత్తిడేమీ చేయలేదు. నేనే అందుకున్నాను. నా తిండి, నా పదవి, నా వేదిక పోతాయని భయపడ్డాను.

గ్లాసు ఫానూస్ తాతచేత ఎందుకిప్పించాను? నేనిస్తే నా చేతిలోనే ఒలికేది. అప్పటికే ప్రసంగంలో పిడికిలి బిగించి బైబిలు మీద గుద్దడం మొదలుపెట్టాను. వణుకు కనపడకుండా ఉండటానికి. జనం దాన్ని ఆత్మావేశమన్నారు. తాద్రుస్ అన్నకి ఈమధ్య అగ్ని దిగుతోంది అన్నారు. నేను ఆమేన్ అన్నాను.

కడిగిన ముఖంతో తిరిగొస్తుంది అని పైన రాయించానే, అదీ అబద్ధమే. దేన్నీ పోగొట్టుకోని పాదరసమైతే ప్రతి నెలా ఇనప సీసాలతో కొత్తది ఎందుకు పోస్తాం? ఆ సీసాలు పోయించేది నేనే. తగ్గింది ఎటు పోయిందని ఇరవై ఏళ్లలో ఒక్కసారి అడగలేదు. కొంత కాలవలోకి పోయింది, కొంత నీలోకి, కొంత నాలోకి. కొంత నీ పని ప్యాంటు మడతల్లో కూర్చుని మీ ఇంటికొచ్చింది. ఇస్తీర్ బట్టలుతికే బేసిన్ అడుగున మిలమిలలాడే గుళికలు ఏరి, అందంగా ఉన్నాయని ఖాళీ దగ్గుమందు సీసాలో పోసి, మంచం తలాపున గూట్లో పెట్టుకుంది. కడుపుతో ఉన్న నెలలన్నీ దాని పక్కనే పడుకుంది. ఇదేమిటన్నయ్యా అని ఒకసారి చూపించింది. ఏం కాదులే, వెండి అన్నాను. బిడ్డ దానివల్లే పోయిందా అంటే ఏ డాక్టరూ గట్టిగా చెప్పలేడు. సమాధి దగ్గర నేను మాత్రం గట్టిగా చెప్పాను.

ఇస్తీర్ నీ పేరెత్తదు అన్నదీ అబద్ధం. రోజూ భోజనం దగ్గర, అన్నయ్యా, ఆయన ఎలా ఉన్నాడో కబురేమైనా వచ్చిందా అని అడుగుతుంది. చచ్చాడనుకో అని చెప్పేవాణ్ణి. మొన్న నా చేతిలో టీ ఒలికింది. అది చూసింది. గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది. లోపలికెళ్లి ఆ మందుసీసా తెచ్చి నా ముందు పెట్టింది. నువ్వెప్పటినుంచి తాగుతున్నావన్నయ్యా అని అడిగింది. దొంగని వెతుకుతూ యెహోషువ గోత్రాల్ని వరసగా పిలిచి పిలిచి చివరికి ఆకాను గుడారం దగ్గర ఆగినట్టు నా ముందు ఆగింది.

ఆకాను వెండిని గుడారం కింద పాతిపెట్టాడు. నేను డాక్టరు చీటీని బైబిల్లో, సరిగ్గా ఆ అధ్యాయం దగ్గరే దాచాను. దాన్ని ఈ కవర్లో పెడుతున్నాను. జాగ్రత్త, మడతల దగ్గర చిరిగేలా ఉంది. క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. బైబిల్లో నీ పేరుగలవాణ్ణి అగ్నిగుండంలో తోసినవాళ్లు ఆ సెగకే మాడిపోయారు. నా వంతు మొదలైంది.

వకీలు పెట్టిన కాగితం చింపెయ్. సంతకం పెట్టకు, వేలిముద్ర వెయ్యకు. డాక్టరు చీటీ, ఈ ఉత్తరం, నీ తెల్ల ఉంగరం, మూడూ తీసుకుని రా. కంపెనీ మనిషెవడైనా మల్లవి వచ్చి తలుపు తడితే తియ్యకు. ఇస్తీర్ మందుసీసా పట్టుకుని రోజూ ఇక్కడి స్టేషన్లో నీకోసం చూస్తుంది. గురువారం పదింటికి మండలి ముందు అంచుదాకా నింపిన గ్లాసు ఈసారి నేను పట్టుకుంటాను. మీరు కీర్తన పాడక్కర్లేదు, మొదటి అక్షరానికే ఒలుకుతుంది. అందరూ చూడనీ. కానీ నీ అర్జీ నువ్వు లేకపోతే చెల్లదు, నువ్వు ఎదురుగా ఉండాలి. రేపటికి వాయిదా వెయ్యకు బావా. ఈ ఉత్తరం అందిన రోజే, ఇంకా వెలుగుండగానే, రైలెక్కు.