ఘాటు లేని చేతులు

శనివారం, చిన్ని నిద్రపోయాక

గురజాల నుంచి మిరపకాయల లోడు రాలేదని మేస్త్రి పొద్దున్నే ఫోన్ చేశాడు. రోజంతా ఇంట్లోనే ఉన్నాను. అయినా సాయంత్రం నా కూతురు చిన్ని అన్నం కంచం తెచ్చుకుని ఎదురుగా కూర్చోగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాను. తప్పే.

తొడిమలు తీసిన రోజున చేతులు పడుకునేదాకా మండుతాయి. ఎంత కడిగినా, కొబ్బరినూనె రాసినా ఘాటు పోదు. దాని కళ్లకు తగులుతుందని ఒళ్లోకి తీసుకోకుండా ఫోన్ ఇచ్చి దూరంగా కూర్చోబెట్టేదాన్ని. పిలిచినా తల ఎత్తేది కాదు. పోయిన నెల ఒకరోజు, వేడన్నంలో చెయ్యి పెట్టలేక నేను చెంచాతో తంటాలు పడుతుంటే, ఫోన్ పక్కన పడేసి వచ్చి తనే ముద్ద కలిపి పెట్టింది. అప్పటినుంచి రోజూ అంతే. దానికి ఇంకా ఐదేళ్లు నిండలేదు.

ఇవాళ పక్కింటి ఖైరూన్ అక్క చూసి, "ఏమే, పసిదాంతో తినిపించుకుంటున్నావా?" అంది.

"మా అమ్మకి నేనే పెట్టాల," అంది చిన్ని, తల కూడా తిప్పకుండా.

ఆ మాట వీధి వీధంతా వినాలనిపించింది. అంతలోనే గుబులు. మండని చేతులు దాచుకుని తింటున్నానే. రేపు సీజన్ అయిపోతే ఎట్లా?

అక్క వెళ్లాక చిన్ని నా చెయ్యి లాక్కుని వాసన చూసింది.

"ఇయ్యాల ఘాటు లేదు గదమ్మా."



చెయ్యి నా ఒళ్లో పెట్టేసి, ఇంకో ముద్ద కలిపి ఊదింది.

"సరేలే, నోరు తెరువు."