మూడుసార్లు పిలిచిన పేరు

సోమవారం

ప్రియమైన మావయ్యకి,

ఈ ఉత్తరం బిల్లుల సంచిలో పెట్టి, మీ డిపోకి వచ్చే లారీలో పంపిస్తున్నా. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే నీకు సగం వినపడదు, వినపడిన సగం నువ్వు వినిపించుకోవు. ఇరవై ఆరేళ్లు ఇంజను పక్కన కూర్చుని చెవి పోగొట్టుకున్న మనిషితో ఉత్తరాలే నయం. అమ్మ కూడా అదే అంది, "మా తమ్ముడికి చదివితేనే బుర్రకెక్కుతుందిరా, చెబితే ఎక్కదు" అని. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడి చేత ఇన్ని ఉత్తరాలు రాయించిన ఘనత నీదే. తప్పులుంటే సర్దుకో.

అసలు సంగతి. కంపెనీ గోడకి కాగితం అంటించింది. ఇకమీదట సరుకు లారీ డ్రైవర్లు వేరు, పార్సిల్ బండి డ్రైవర్లు వేరు అనేది ఉండదట. అందరం ఒకటే. పొద్దున పెద్ద లారీలో గోడౌను సరుకు తేవాలి, దింపాక చిన్న బండి ఎక్కి ఇంటింటికీ పార్సిళ్లు ఇవ్వాలి. వచ్చే నెల రెండో ఆదివారం యూనియన్‌లో ఓటు. మొత్తం యాభై ఎనిమిది మందిమి. మా చిన్నబండి వాళ్లు ముప్పై ముగ్గురు, మీ పెద్దబండి వాళ్లు ఇరవై ఐదుమంది. మావాళ్లలోనూ కొందరు నసుగుతున్నారులే.

నేను మాత్రం గంతులేస్తున్నా మావయ్యా. మూడేళ్లుగా గేట్లు, మెట్లు, కుక్కలు. "మా ఆవిడ ఇంట్లో లేదు, తర్వాత రా" అనే మొగుళ్లు. నాకు పెద్ద స్టీరింగ్ కావాలి. పొడుగాటి రోడ్డు కావాలి. చిన్నప్పుడు నువ్వు ఒళ్లో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టించావు చూడు, అప్పట్నుంచి కావాలి. పాత పద్ధతిలో నా వంతు రావాలంటే మీలో ఎనిమిదిమంది దిగిపోవాలి. అప్పటికి నాకు బట్టతల వచ్చేస్తుంది.

నేను అవుననే వేస్తా. నువ్వు కూడా వెయ్యవూ?

నీ అల్లుడు,
బొంగరం


గురువారం

నా బొంగరానికి,

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించా. బట్టతల దగ్గర నవ్వింది. ఆ తర్వాత నవ్వలేదు.

ఒరేయ్, పెద్ద బండి తోలడం అంటే పైన కూర్చుని హారన్ కొట్టడం కాదు. ముప్పై టన్నులు వెనకనుంచి తోస్తుంటే ఆపుకుంటూ రావడం. దిగాక కూడా ఒళ్లు ఇంకో గంట రోడ్డు మీదే ఉంటుంది. నేల కదులుతున్నట్టు ఉంటుంది. ఆ ఒళ్లుతో చిన్న బండి ఎక్కి, పిల్లలు బంతాట ఆడుకునే సందుల్లో తిరగమంటున్నారు. ఇంకోటి. రెండు పనులు కలిపి ఒకడికి ఇస్తే రెండోవాడు ఇంటికి పోతాడు. ఎవడు పోతాడో నువ్వే ఆలోచించు, మావాళ్లా మీవాళ్లా అని.

నా సంగతి కూడా రాస్తున్నా, బెదిరించడానికి కాదు, నీకు తెలిసుండాలని. నా కుడి మోకాలు బ్రేకు తొక్కడానికి పనికొస్తుంది, మెట్లెక్కడానికి పనికిరాదు. పెట్టె పట్టుకుని నాలుగో అంతస్తు ఎక్కమంటే నా డ్రైవరు ఉద్యోగం ఆ మెట్ల మీదే సరి.

ఓటు రోజు నాకు ట్రిప్ పడింది. రెండు రోజుల దారి, రాలేను. మన యూనియన్ పద్ధతి తెలుసుగా. బండి మీద ఉన్నవాడు తన కార్డు కవర్లో పెట్టి అంటించి, నమ్మిన మనిషి చేతికిస్తాడు. సెక్రటరీ పేరు పిలిచినప్పుడు ఆ మనిషి లేచి డబ్బాలో వేస్తాడు. నా కవరు ఈ ఉత్తరంతోనే పెట్టా. నీకంటే నమ్మినవాడు నాకెవడున్నాడు? లోపల ఏం రాశానో చెప్పక్కర్లేదనుకుంటా. నీ ఓటు మాత్రం నీ ఇష్టం. కోపం పెట్టుకోను.

బరువెత్తేటప్పుడు నడుము మీద కాదు, తొడల మీద ఆనేలా ఎత్తు. ఎన్నిసార్లు చెప్పినా వినవు.

నీ మావయ్య


బుధవారం, ఓటు అయిన మూడో రోజు

ప్రియమైన మావయ్యకి,

ఓటు అయిపోయింది. అవును ఇరవై తొమ్మిది, వద్దు ఇరవై ఎనిమిది. సమానంగా వచ్చుంటే పాత పద్ధతే ఉండేదట, రూలు అలా ఉంది. ఒక్క ఓటు.

టైర్ల షాపు పైన ఆ గది తెలుసుగా, యాభైమంది చేరితే కొందరు కిటికీలో కూర్చోవాలి. సెక్రటరీ, అదే మన మైకు, లెక్క చదవగానే మావాళ్లు బల్లలు బాదారు. మీవాళ్లు లేచి వెళ్లిపోయారు. పోతూ పోతూ నీ పేరెత్తారు. యాభై ఎనిమిదిలో యాభై ఏడే వచ్చాయి, రానిది నీదే కదా. "ఇరవై ఆరేళ్ల సర్వీసు, కార్డు ముక్క పంపడానికి చెయ్యి రాలేదా పెద్దమనిషికి?" అన్నాడు గడ్డం డ్రైవరు. ఇంకా చాలా అన్నాడు. అవి రాయను.

కవరు సంగతి... ఆ రోజంతా గోలగోలగా ఉంది మావయ్యా. కలిసినప్పుడు చెప్తా.

మోకాలు ఎలా ఉంది? అమ్మ నొప్పులకి నూనె పంపింది, సీసా మూత గట్టిగా బిగించా.

నీ అల్లుడు,
బొంగరం


మరుసటి మంగళవారం

నా బొంగరానికి,

నూనె అందింది. మూత బిగించింది నిజమే, నలుగురం కలిసి తీశాం. మా అక్కకి చెప్పు.

మొన్న మైకు వచ్చాడు. "కార్డు ఎవరితో పంపావు?" అని అడిగాడు. పంపడం మరిచిపోయానన్నా. నా మొహంలోకి కాసేపు చూసి, అలాగే రాసుకున్నాడు. గడ్డం డ్రైవరు నాతో మాట్లాడటం మానేశాడు. పద్దెనిమిదేళ్లు ఒకే ఫ్లాస్కులోంచి టీ తాగాం. ఇప్పుడు ఫ్లాస్కు పట్టుకుపోయి ఆ చివర కూర్చుంటున్నాడు. ఏం చేస్తాం, ఫ్లాస్కు వాడిది.

సోమవారం నుంచి కొత్త పద్ధతి. చీటీలు తీస్తే నా లారీ నీకు పడిందటగా. మంచిదే. రెండో గేరు మొండిది. తిడితే పడదు, బతిమాలితే పడుతుంది. వాన పడేటప్పుడు ఎడమ తలుపులోంచి నీళ్లు వస్తాయి, గుడ్డ పెట్టుకో.

కలిసినప్పుడు చెప్తానన్నావు. తొందరేం లేదు.

నీ మావయ్య


శనివారం, కొత్త పద్ధతి వచ్చిన నెలకి

ప్రియమైన మావయ్యకి,

నీ లారీ తోలుతున్నా. మొదటి రోజు ఎక్కగానే ఊరంతా నన్నే చూస్తోందనుకున్నా. ఎవడూ చూడలేదు. సీటు నీ ఆకారంలో గుంటపడి ఉంది, అందులో కూర్చుంటే ఒక పక్కకి ఒరిగిపోతున్నా. దిండు వేశా, అయినా ఒరుగుతున్నా. రెండో గేరుని బతిమాలుతున్నా. పక్కన ఎవరైనా ఉంటే పిచ్చివాడనుకుంటారు.

నువ్వు చెప్పినట్టే అయింది. దిగాక నేల కదులుతుంది. నిన్న చిన్న బండి వెనక్కి తీస్తూ ఒకరింటి పూలకుండీ పగలగొట్టా. కుండీ పక్కనే చిన్నపాప కూర్చుని ఉంది. పాపకేం కాలేదు. ఆ తర్వాత ప్రతి సందులో దిగి, వెనక చూసుకుని మరీ బండి తీశా.

ఇంకోటి కూడా నువ్వు చెప్పినట్టే అయింది. మా చిన్నబండి వాళ్లలో పన్నెండుమంది అక్కర్లేదన్నారు. కవలలు ఉన్నారే, బల్ల బాదినవాళ్లలో వాళ్లే ముందు. ఒకణ్ణి ఉంచి ఒకణ్ణి పొమ్మన్నారు. ఏ ఒక్కణ్ణి ఉంచారో సూపర్‌వైజరుకే సరిగ్గా తెలీదు. ఇది చెప్పి అమ్మని నవ్విద్దామనుకున్నా. నవ్వలేదు.

నీకు మెట్లున్న ఇళ్లే ఎక్కువ పడుతున్నాయని విన్నా. ఎవరితోనైనా మార్చుకోరాదూ? ఓ ముక్క రాయి.

నీ అల్లుడు,
బొంగరం


ఆదివారం

ప్రియమైన మావయ్యకి,

ఆరు వారాలైంది, నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అమ్మ నిన్న చెప్పింది. మూడో అంతస్తు మెట్ల మీద పెట్టెతో సహా పడ్డావట. పెట్టెని వదిలెయ్యకుండా పట్టుకునే పడ్డావట, అందుకే మోకాలు అంత దెబ్బ తిందట. పార్సిల్ పగిలితే ఏమయ్యేది మావయ్యా? ఇక స్టీరింగ్ పట్టుకోకూడదన్నారట డాక్టర్లు. ఈ మాట అమ్మ చెబుతుంటే నేను చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయా. ఎక్కడికో తెలీకుండా చాలాసేపు నడిచా. నేను ఎప్పుడూ అంతే కదా, నిలబడాల్సిన చోట నిలబడను.

ఇప్పుడు నిలబడి రాస్తున్నా.

నీ కవరు ఆ రోజు నా చొక్కా జేబులోనే ఉంది. మైకు ట్రిప్‌లో ఉన్నవాళ్ల పేర్లు పిలుస్తున్నాడు. ఒక్కొక్కరి తరఫున ఒక్కొక్కడు లేచి, ఓట్లకని పెట్టిన ఖాళీ గ్రీజు డబ్బాలో వేస్తున్నాడు. నీ పేరు మూడుసార్లు పిలిచాడు. మొదటిసారి పిలవగానే జేబులో చెయ్యి పెట్టా. రెండోసారి పిలిచినప్పుడు వెనకాల ఎవడో, "ఒకటి రెండు ఓట్ల తేడాలో ఉందిరా" అని గొణిగాడు. నాతో కాదు, వాడి పక్కవాడితో. మూడోసారికి నా చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికొచ్చింది. అంతే. ఎవరో బలవంతపెట్టారని చెప్పడానికి లేదు. మరిచిపోయానని చెప్పడానికీ లేదు, ఆ మాట నాకోసం నువ్వు వాడేశావు.

గడ్డం డ్రైవరు నిన్ను తిడుతుంటే ఎదురుగా నిలబడి విన్నా. కవరు మూల ఛాతీకి గుచ్చుకుంటూనే ఉంది.

దాన్ని చింపలేదు, పారెయ్యలేదు. నీ లారీలో ఎండకి అడ్డంగా దించుకునే రెక్క ఉందే, దాని వెనకాల దోపి పెట్టా. రెక్క దించితే కవరు ఒళ్లో పడుతుంది. అందుకని ఎంత ఎండ కళ్లలో కొట్టినా దించట్లేదు.

వచ్చే ఆదివారం మీటింగ్ ఉంది. లేచి చెప్పేద్దామనుకుంటున్నా. ముందు నీకు చెప్పాలి కదా అని రాశా. క్షమించమని రాయడానికి మొహం చెల్లట్లేదు.

బొంగరం


గురువారం

ప్రియమైన బొంగరానికి,

నీ ఉత్తరం లారీలు తూచే కాటా దగ్గర గదిలో కూర్చుని చదివా. ఇప్పుడు నా పని ఇదే. లారీ వచ్చి కాటా మీద ఆగుతుంది, బరువు రాసుకుంటా, చెయ్యి ఊపుతా, వెళ్లిపోతుంది. ఒక్కో లారీ ఆగేటప్పుడు కుడికాలు దానంతటదే బ్రేకు వెతుకుతుంది. మీ అత్తయ్యకి చెప్పకు.

నువ్వు రాసింది నాకు తెలుసు. మైకు అడిగినరోజే తెలుసు. మూడేళ్లలో ఒక్క పార్సిల్ పోగొట్టనివాడివి, నా కవరు పోగొడతావా? అందుకే మరిచిపోయానన్నా. నీమీద ప్రేమతో అన్నానని నువ్వు అనుకుంటున్నావు. అది సగమే. మిగతా సగం ఇన్నాళ్లూ రాయలేకపోయా. ఉత్తరం రాయనిది మోకాలి వల్ల కాదు, దీనివల్ల.

ఓటు రోజు నాకు ట్రిప్ పడలేదురా. నేనే అడిగి వేయించుకున్నా. అసలు ఆ రోజు నాకు సెలవు. బస్సెక్కితే రెండు గంటల్లో ఆ గదిలో ఉండేవాణ్ణి. వచ్చి, నీ ఎదురుగా కూర్చుని, నీకు పెద్ద స్టీరింగ్ రాకుండా ఓటు వెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టించింది నేనే కదా. పోనీ కవరు గడ్డం డ్రైవరుకి ఇవ్వొచ్చు. వాడూ ఆ గదిలోనే ఉన్నాడు. ఇవ్వలేదు. నీకే పంపా. నీ కోరికకి అడ్డుపడే ఓటుని నీ చేత్తోనే డబ్బాలో వేయించి, నేను మాత్రం మంచి మావయ్యగా మిగిలిపోదామనుకున్నా.

ఇక్కడ రోజూ చూస్తున్నా. బరువు మించిన లారీ కాటా మీదకొస్తే అందరూ డ్రైవర్ని తిడతారు. ఎక్కించినవాడు గోడౌన్లో కూర్చుని టీ తాగుతుంటాడు. నువ్వు చేసింది తప్పే, కాదనను. ఎక్కించింది నేను.

నిన్న గడ్డం డ్రైవరు లారీ వచ్చింది. ట్రిప్ సంగతి వాడికి చెప్పా, నా వంతు వరకే. కవరు సంగతి చెప్పలేదు, అది నువ్వు చెప్పుకోవాలి. ఫ్లాస్కు పక్కసీట్లోనే ఉంది, దానివైపు చూడను కూడా చూడలేదు. బరువు కాగితం తీసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం లేచి చెప్పు. యూనియన్‌లోంచి తీసేస్తారేమో. ఓటు వెనక్కి రాదు, ఆ పన్నెండుమందికి పని వెనక్కి రాదు, నా మోకాలూ రాదు. అయినా చెప్పు. కూర్చుని కాదు, లేచి.

చెప్పాక ఆ కవరు నా దగ్గరికి తీసుకురా. ఇల్లు తెలుసుగా, రెండో అంతస్తు. నేను దిగలేను, నువ్వే ఎక్కి రావాలి. తలుపు గట్టిగా కొట్టు, లేకపోతే నాకు వినపడదు. సంతకం పెట్టి తీసుకుంటా.

అప్పటిదాకా దాన్ని రెక్క వెనకనుంచి తీసి జేబులో పెట్టుకో. ఎండ పడితే రెక్క దించుకో నాన్నా. కళ్లు పాడవుతాయి.

నీ మావయ్య