కుర్చీలో చీర

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ప్రభువు రాగానే విశ్వాసులు ఒంటిమీది బట్టలు వదిలేసి మాయమైపోతారే, ఆ నవల ఇవాళ నా చేతికి తిరిగొచ్చింది. మియాపూర్ చర్చి సంఘంలో ఆడవాళ్ళంతా చదివి, ఎప్పటిలాగే చివరి పేజీలో తలా ఒక మాట రాశారు. ‘కన్నీళ్ళు ఆగలేదు’ అని ఒకామె, ‘రాసినాయన మస్తు భయపెట్టిండు’ అని ఇంకొకామె. నీ మాట ఒక్కటే లేదు. సగంలోనే వదిలేశావు.

వదిలేయించింది నేనే. ఆ సాయంత్రం నువ్వు హైటెక్ సిటీలో ఊడ్చే పని ముగించుకుని వచ్చేసరికి, నా చీర కుర్చీలో పరిచి, కింద చెప్పులు పెట్టి, తలుపు చాటున నక్కాను.

"చెల్లెను తీస్కపోయినవ్, నన్నెందుకు ఇడిసిపెట్టినవ్ ప్రభువా?" అని గుండెలు బాదుకున్నావు.

నేను నవ్వుతూ బయటికొచ్చి, "నీలెక్క సినిమాలకు పోయేటోళ్ళను తీస్కపోడు అక్కా" అన్నాను. ఆ తర్వాత రెండు నెలలకే, జ్వరం పేరుతో, నిన్నే ముందు తీసుకుపోయాడు.

ఇవాళ ఆ ముచ్చట చెబితే ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి, దవాఖానలో నీ ఒంటి మీంచి తీసిచ్చిన చీరను కుర్చీలో పరిచాను. కింద నీ చెప్పులు పెట్టాను.

"ఇగ చాలు, బయటికి రా అక్కా" అన్నాను.