వసారా పక్క గది

గుడివాడ,
4-6-1978

ప్రియమైన మాణిక్యం వదినకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను. మీ అన్నయ్యా నేనూ విడిగా ఉండాలని నిర్ణయించుకున్నాం. నిర్ణయించుకున్నాం అనడం సరికాదేమో. ప్రకాశరావు గారు ఆరు నెలలుగా ఇంకొకావిడ ఇంట్లోనే ఉంటున్నారు. నేను ఒప్పుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఈ ఇల్లు ఆయనది గనక కదలవలసింది నేనే.

మొవ్వ రావాలని ఉంది. అక్కడినుంచి బందరులో నేను పాఠాలు చెప్పే కాలేజీకి బస్సు ఉంది. వసారా పక్క గది చాలు. పుట్టి పెరిగిన ఇల్లని ధైర్యం. కానీ ఇప్పుడది నీ ఇల్లు. నేను వదిలి వస్తున్నది నీ తోడబుట్టినవాణ్ణి. ముందు నీతో చెప్పడమే న్యాయమనిపించింది. మా అన్నయ్య ఎలాగూ ఉత్తరాలు రాసే మనిషి కాదు. ఏమంటాడో కనుక్కుని నువ్వే రాయి.

నీ జవాబు కోసం చూస్తూ,
ఇందిర


మొవ్వ,
13-6-1978

ప్రియమైన ఇందిర వదినకు, నమస్కారం.

నీ ఉత్తరం చూసిన దగ్గర్నుంచి అన్నం సయించడం లేదు. మా అన్నయ్య చేసిన పనికి నేను తలెత్తుకోలేకపోతున్నాను.

మీ అన్నయ్యతో చెప్పాను. అంతా విని, "కుండమార్పిడి చేసుకున్నాం. మా పిల్లకి ఆ ఇంట్లో చోటు లేనప్పుడు వాళ్ళ పిల్లకి ఈ ఇంట్లో చోటెందుకు? ఇందిర ఇక్కడ పెట్టె దించిన రోజున నువ్వు గుడివాడ బస్సెక్కు" అన్నారు.

ఒకే పందిట్లో నన్ను మీ అన్నయ్యకీ, నిన్ను మా అన్నయ్యకీ ఇచ్చి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు నేనెక్కడికి వెళ్ళను వదినా? హంసలదీవి దగ్గర మా ఇల్లు పోయిన నవంబరు ఉప్పెనలో అమ్మతో, నాన్నతో సహా పోయింది. నాకు మిగిలిన పుట్టిల్లు ఆ గుడివాడ అన్నయ్యే. ఆ ఆడమనిషి వండింది తింటూ ఆ గడపలో పడుండనా?

బందరులోనే ఒక గది చూసుకో. మీ అన్నయ్యను ఏమీ అడగకు, ఇంకా మండిపడతారు. నన్ను తిట్టుకోకు.

ఇట్లు,
మాణిక్యం


బందరు,
21-9-1978

ప్రియమైన వదినా,

ఇనగుదురుపేటలో జైతూన్ బీ అనే పెద్దావిడ ఇంటి వెనక భాగంలో ఉంటున్నాను. "పుట్టింటివాళ్ళు లేరామ్మా?" అని మొదటిరోజే అడిగింది. ఉన్నారు, దూరం అన్నాను. ఏ ఊరని అడిగితే మొవ్వ అని చెప్పక తప్పలేదు. మొవ్వ ఇక్కడికి గంట ప్రయాణమని ఆవిడకీ తెలుసు.

నిన్న అన్నయ్య కాలేజీకి వచ్చాడు. కిటికీలోంచి చూశాను. క్లాసులో ఉన్నానని అటెండరు యాకోబుతో చెప్పించాను. రెండు పీరియడ్లు గేటు దగ్గర ఎండలో నిలబడి వెళ్ళిపోయాడు. కిందికి దిగుదామనుకున్నాను. చోటెందుకు అన్న మాట గుర్తొచ్చి మెట్ల మీదే ఆగిపోయాను. చేసింది సరేనా అని నిన్నటినుంచి అనుకుంటూనే ఉన్నాను.

ఎందుకొచ్చాడో నీకు తెలిస్తే రాయి.

ఇందిర


మొవ్వ,
11-3-1979

ఇందిర వదినకు,

ఆరు నెలలు నీకు జవాబు రాయలేదు. రాయడానికి మొహం లేక.

మీ అన్నయ్య ఆ మాట అనలేదు. నేను రాసిందంతా నా భయమే. మా ఊళ్ళో ఇలాగే కుండమార్పిడి చేసుకున్నవాళ్ళలో ఒకరి పిల్లని పంపేస్తే రెండో ఇంటివాళ్ళు కోడల్ని పంపేశారు. అది చూసినదాన్ని. నువ్వు రోజూ కళ్ళెదుట తిరుగుతుంటే, ఏదో ఒకనాడు ఈయనకి నన్ను చూసినప్పుడు మా అన్నయ్యే కనిపిస్తాడనుకున్నాను.

నిజానికి నీ సంగతి చెప్పగానే ఈయన వసారా పక్క గదికి సున్నం వేయించారు. నువ్వు రాసుకోవడానికి బల్ల చేయించారు. నువ్వే బందరులో ఉంటానన్నావని చెప్పాను. ఆరోజు కాలేజీకి వచ్చింది నిన్ను బతిమాలి తీసుకురావడానికి.

నిన్న ఆ గదిలో వడ్ల బస్తాలు వేయించారు. "ఇంక రాదులే. నా వల్ల ఏం తప్పు జరిగిందో" అన్నారు. ఆ మాట విన్నాక ఉండలేకపోయాను.

చెప్పమంటే చెప్పేస్తాను. తర్వాత నన్ను ఉండమన్నా, పొమ్మన్నా సరే.

మాణిక్యం


బందరు,
15-3-1979

ప్రియమైన వదినా,

చెప్పకు.

కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. అన్నయ్య ఎండలో నిలబడ్డ ఆ రెండు పీరియడ్లూ నువ్వు నాకు తిరిగి ఇవ్వలేవు, నేను అతనికి ఇవ్వలేను. కానీ నిన్నటినుంచి నన్ను నేను ఒకటి అడుగుతున్నాను. అన్నయ్య అలాంటి మాట అనే మనిషి కాదని నాకు తెలియదా? ఒక్క కార్డు ముక్క రాసి అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. కాపురం నిలుపుకోలేనిదానిగా అతని ముందు నిలబడడం కంటే, అతనే వద్దన్నాడని నమ్మడం నాకు తేలికయింది. నీ భయంతో పాటు నాదీ కలిస్తేనే ఆ అబద్ధం ఇన్నాళ్ళు నిలబడింది.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. ఉండడానికి కాదు. ఇక్కడ అలవాటైంది. లేక అలవాటైందని అనుకుంటున్నానో. ఎందుకు రాలేదని అన్నయ్య అడిగితే, సిగ్గుపడి రాలేదని చెబుతాను. అందులో సగం నిజమే. మిగతా సగం తెలిస్తే ఇద్దరాడపిల్లలకీ ఇల్లు లేకుండా పోతుంది. ఒకరికి పోయింది చాలు.

ఏడ్చిన కళ్ళతో నాకు ఎదురు రాకు. అన్నయ్య మనిద్దరి మొహాలూ చూస్తాడు.

నీ
ఇందిర