పేరు రాసిన కేకు

లులియో,
గురువారం

నా ఎస్కిల్‌కి,

ఇక్కడ నేనూ అత్తయ్యా బాగున్నాం. యూనివర్సిటీ భోజనం మీకు పడుతోందని చదివి మనసు కుదుటపడింది. అత్తయ్య మోకాలి గురించి అడిగారు కదా, నొప్పి తగ్గింది. నిన్న పొద్దున మంచు తవ్వడానికి పార పట్టుకుని బయల్దేరితే నేనే ఆపాల్సి వచ్చింది.

ఇక మీరు మరీ మరీ అడిగిన ప్రశ్న. అవును, మీరు కంప్యూటర్లో కట్టిన ప్లాను నిన్న ఉక్కు ఫ్యాక్టరీలో నడిపారు.

అక్కడి క్యాంటీన్లో కాఫీ పోస్తూ అన్నీ విన్నాను. ఫోర్‌మన్ హాల్వర్ మీ కాగితాన్ని బల్ల మీద కొట్టి, "ఓడలు కట్టేవాళ్ళు ఫోన్లో నా ప్రాణం తీస్తుంటే, ఈ కంప్యూటరు వాళ్ళ ఉక్కు పలకల్ని మధ్యాహ్నానికి నెట్టిందేంట్రా!" అన్నాడు.

"పెళ్ళికొడుకుని చివరి బస్సెక్కించినట్టుంది" అని కొలిమి దగ్గర పనిచేసే స్టూరె నవ్వాడు.

నా చదువు అంతంతమాత్రమే. అయినా మీరు వంటింటి బల్ల దగ్గర చెప్పింది గుర్తుంది. ఒక పాత్రలో కరిగిన ఉక్కు అయిపోయేలోగా తర్వాతి పాత్ర రావాలి, లేకపోతే అచ్చులోకి ఆగకుండా పోసే పోత తెగిపోతుంది, మళ్ళీ మొదలుపెట్టేసరికి సగం రోజు పోతుంది. వెడల్పు పలకల నుంచి సన్నవాటికి కొద్దికొద్దిగా దిగాలి. ఇవన్నీ కుదిరే వరుసను వేల వరుసల్లోంచి మీ లెక్క ఏరుకుంటుంది. హాల్వర్ ఒప్పుకుంటే మీకు ప్లానింగు గదిలో చోటు, లేకపోతే మళ్ళీ కొలిమి దగ్గరికే. అదే తలుచుకుంటూ రోజంతా కప్పులు కడిగాను.

ఇప్పుడు దాచిన మాట చెప్తాను. ఫలితం తేలేదాకా ఆర్భాటం వద్దని రాశారు. నేను వినలేదు. పోత తెగకుండా రికార్డు కొడితే కేకు పెడతారు కదా, అది బేకరీకి ముందురోజే చెప్పాలి. ఎవరూ చెప్పరని తెలిసి మొన్న నేనే వెళ్ళాను. కేకు మీద ఏం రాయమంటావని అడిగితే మీ పేరు చెప్పాను. పోత తెగి ఉంటే ఏళ్ళ తరబడి మనల్ని చూసి నవ్వేవాళ్ళు.

తెగలేదు. పాత్ర వెనక పాత్ర వస్తూనే ఉంది. ఓడల పలకలు కూడా వాటిని తీసుకెళ్ళే రైలు రాకముందే తయారయ్యాయి. షిఫ్టు దిగి హాల్వర్ వచ్చాడు.

"రికార్డు కొట్టామమ్మాయ్! రేపటికి కేకు చెప్పు."

నేను లోపలికెళ్ళి పెట్టె తెచ్చి ముందు పెట్టాను. ఆయన మీ పేరు చదివాడు.

"పోత తెగి ఉంటే ఏం చేసేదానివి?"

"తెగదు" అన్నాను. నా గొంతు అంత గట్టిగా అక్కడెవరూ ఎప్పుడూ వినలేదు.

హాల్వర్ కత్తి తీసుకుని, పేరు చెడకుండా చుట్టూ కోశాడు. చెయ్యి చాపిన స్టూరెకి ఒక్కటేసి, "అది ముట్టుకోకురా. వచ్చే నెల నుంచి ప్లాను వేసేవాడిది" అన్నాడు.

ఇట్లు,
ఆ మాట విని కాఫీ అంతా ఒలకబోసిన
మీ భార్య
గున్వర్