గడ్డి మొలవని చోటు

రాయపూర్,
12-10-1953.

చిరంజీవి తమ్ముడు మల్లేశ్వరరావుకు అప్ప పార్వతి దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలెట్టడం పద్ధతి కనుక రాశాను. నిజానికి అమ్మ క్షేమంగా లేదు, నేనూ లేను. నువ్వూ, మరదలూ, పిల్లలూ చల్లగా ఉండాలి. కొత్త రాష్ట్రం వచ్చిందని మీ వాల్తేరులో మిఠాయిలు పంచారట కదా. మీ బావ స్టేషన్లో విని వచ్చి చెబితే, మరి మనం ఏ రాష్ట్రం వాళ్ళమే అని అమ్మ నన్ను అడిగింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పెద్దల అమావాస్య మర్నాటి నుంచీ అమ్మ కాళ్ళు పొంగాయి. డాక్టరు చూసి, ఆవిడ అడిగింది పెట్టండి అని మీ బావతో అన్నాడట. అంటే ఏమిటో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. నిన్న నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది. మీ అయ్యకీ దాలమ్మకీ మధ్యన నన్ను పెట్టాలి అంది. వేశాను ఒట్టు. ఇప్పుడు నువ్వు చెప్పు, ఎక్కడ పెట్టను?

నా చెల్లి దాలమ్మ పోయేనాటికి నువ్వు చంకపిల్లాడివి. దానికి అమ్మవారు పోసి నాలుగో ఏటనే పోయింది. మనలో కాల్చే ఆచారం లేదాయె. ఊరుగాని ఊళ్ళో పిల్లని ఎక్కడ పూడ్చాలో తెలీక అయ్య దాన్ని తువ్వాల్లో చుట్టి భుజానేసుకుని ఊరంతా తిరిగాడు. చివరికి పట్టాలకి అవతల పొలమున్న గౌంటియా, ఆ ఊరి పెద్ద, జాలిపడి ఓ మూల చూపించాడు. కాగితం లేదు, నోటిమాటే. తర్వాత తాతని అక్కడే పెట్టాం, చిన్నాన్ననీ అక్కడే. అలా అది మనదైంది.

గౌంటియా పోయాక పక్క రైతులు ఏడాదికో చాలు చొప్పున లోపలికి దున్నుకొచ్చారు. అప్పుడు అయ్య చేసిన పని నీకు తెలీదు. గ్యాంగు మేస్త్రీ కదా, రైలు హద్దురాళ్ళ లాంటివే రాళ్ళు తెచ్చి చుట్టూ పాతించి సున్నం కొట్టాడు. రైలోళ్ళ రాయిని ముట్టుకునే మగాడు ఈ జిల్లాలోనే లేడని మీసం దువ్వుకున్నాడు. నిజమే, ఒక్క నాగలి కూడా లోపలికి రాలేదు. అయ్య పోయినప్పుడు ఆ రాళ్ళ మధ్యనే దించాం. అమ్మ బస్తాన్నర ఉప్పు పోయించింది. నక్కలు తవ్వవనీ, మనిషి పదిలంగా ఉంటాడనీ. ఆ తర్వాత ఎన్ని వానలు పడ్డా అక్కడ గడ్డిపోచ మొలవలేదు. మీ అయ్య కోపం ఇంకా చల్లారలేదే అని అమ్మ నవ్వేది.

మూడేళ్ళ కిందట బొగ్గు బండ్ల కోసం కొత్త లైను వేసినప్పుడు ఆ రాళ్ళే మన కొంప ముంచాయి. మీ బావ పరుగెత్తుకెళ్ళి మా వాళ్ళ సమాధులండీ అంటే, అక్కడి గుమాస్తా రాళ్ళు చూపించి, "పత్థర్ తో హమారా హీ హై, భాయ్" అన్నాడట, రాయి మాదే కదా అని. ఏమని కాదంటాడు? అయ్య పాతినవేనని చెబితే ఇంకో తప్పు. తెల్లారేసరికి కంకర పోసేశారు. ఇప్పుడు అయ్య మీద పట్టాలున్నాయి. దాలమ్మ మీద కూడా.

అప్పుడు నువ్వేం రాశావో గుర్తుందా? అమ్మకి కళ్ళు ఎలాగూ కనపడవు, చెప్పకు, ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టు అని రాశావు. రాయడం తేలిక నాయనా. చెయ్యి పట్టుకుని నడిపించేది నేను. తెలీబంధా చెరువు గట్టు వెనక, ఇక్కడి వాళ్ళు చంటిపిల్లల్ని పూడ్చే చోటు పక్కన, రెండు రాళ్ళు పాతి సున్నం కొట్టాను. ఏటా అక్కడికే రిక్షాలో తీసుకెళుతున్నాను. అమ్మ గారెలు పెడుతుంది, అయ్యకి చుట్ట వెలిగించి పెడుతుంది, దాలమ్మకి బత్తాసాలు. ఆ ఉత్త నేలతో ఇంటి కబుర్లన్నీ చెబుతుంది. నీ కొడుకు నడిచిన సంగతి కూడా చెప్పింది. నేను పక్కన నిలబడి ఊఁ కొడతాను.

ఈ ఏడు వానలకి గడ్డి బాగా పెరిగింది. అమ్మ దాన్ని పిడికిట్లో పట్టుకుని వేళ్ళతో తడిమి చూసింది. ఏమిటమ్మా అంటే, ఏం లేదే, మీ అయ్య చల్లబడ్డాడు అంది.

నా వల్ల కాదు తమ్ముడూ. ఉన్నమాట చెబితే ఆ క్షణానే పోతుందేమో. చెప్పకపోతే పెళ్ళాన్ని మొగుడి పక్కన పెట్టానని అబద్ధం ఆడి మన్ను పొయ్యాలి. సెలవు పెట్టి రా. నువ్వే చెప్పు. నేను పక్కన ఉంటాను.

పిల్లలకు నా ముద్దులు.

ఇట్లు
నీ అప్ప,
పార్వతి

తా.క. మల్లేశూ, ఇది పక్క క్వార్టరు సూరిబాబుని రాస్తున్నాను. కవరు పోస్టులో వేయమని మీ అప్ప నాకిచ్చి నీళ్ళకి వెళ్ళింది. మీ అమ్మ, వరహాలమ్మ పిన్ని, నన్ను ఆపి నాలుగు ముక్కలు కలపమంది. తను అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఒరే మల్లేసూ, మీ అప్ప ఏటి రాసిందో నన్నడగనేదు. ఏటి రాసుంటాదో నాకు తెలుసు. మొదటేడే తెలిసిందిరా. పట్టాలు దాటకుండా మీ అయ్య కాడికి దారేటి? చేత్తో తడిమితే గడ్డి. ఉప్పు పోసిన నేల మీద గడ్డేటి? పిచ్చిది, నా కోసమే ఇంత చేసిందని ఊరుకున్నాను. మూడేళ్ళు అక్కడే ఏడ్సినాను, ఆళ్ళకి అక్కడే కూడు పెట్టినాను. అదీ మన చోటే. నిన్న దాని చేత ఒట్టేయించుకున్నదీ ఆ చోటికే. నువ్వొచ్చి దానికేటీ చెప్పకు. నన్ను అక్కడే పెట్టండి. ఉప్పు మాత్తరం ఎక్కువ పొయ్యండి, గడ్డి మొలవకూడదు. అప్పుడు మీ అప్ప చెప్పింది అబద్ధం కాదు."